ఫెబా ఒంటి మీదికి ఎవరొచ్చారు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పిపోయి ఉంటే చదివేవారు మన్నించాలి. రాయడం కూడా నెమ్మదే. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది, ఒక్కోసారి మాడిపోతుంది. అయినా ఈ సంగతి నేనే రాయాలని కూర్చున్నాను. ఎందుకంటే దీన్ని ఇప్పటికే ముగ్గురు మూడు రకాలుగా చెప్పేశారు. అమ్మవారి సంబరం కమిటీవాళ్ళు కరపత్రం వేశారు. చర్చివాళ్ళు ప్రార్థనలో చెప్పుకున్నారు. హైదరాబాదు నుంచి ఒక పత్రికాయన వచ్చి, రెండు కొబ్బరిబోండాలు తాగి, ఫెబాని "మట్టి వాసన గల నర్తకి" అని రాసుకుపోయాడు. ఫెబా దగ్గర మట్టి వాసన నేనెప్పుడూ ఎరగను. మోకాళ్ళకి రాసుకునే మందు వాసన మాత్రం ఎప్పుడూ వస్తుంది.

ఫెబా నేను అద్దెకుంటున్న ఇంటివాళ్ళ అమ్మాయి. వాళ్ళమ్మ లూర్దు మేరీ టీచరు గారు. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. నాన్న ఆనందకుమార్ గారు రైల్వేలో టిక్కెట్లిచ్చే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు చర్చిలో సంఘపెద్ద. టీచరు గారి పుట్టింటివాళ్ళు కేథలిక్కులు, ఆయనది బాప్టిస్టు సంఘం. వాళ్ళిద్దరికీ ప్రార్థన దగ్గర ఏకాభిప్రాయం కుదరదు గానీ, కూతురు గెంతడం మానెయ్యాలన్న దగ్గర చాలా ఏళ్ళు కుదిరింది.

ఫెబా డాన్సు జీవితం క్రిస్మస్ నాటికతో మొదలైందని టీచరు గారు చెబుతారు. దేవదూత వేషం వేశారట. దేవదూత పని రెక్కలు కట్టుకుని కదలకుండా నిలబడడం. ఫెబా నిలబడలేదు. గొర్రెల కాపరుల మధ్యకి దిగి, గిరగిరా తిరిగి, పశువుల పాక మీద పడింది. పాక అట్టలతో కట్టింది కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆనందకుమార్ గారి పరువుకే తగిలింది.

తర్వాత పిల్ల పోరు పడలేక సంప్రదాయ నృత్యం నేర్పే మాస్టారి దగ్గరికి పంపారు. మొదటి పాఠం విగ్రహానికి నమస్కారం. ఆనందకుమార్ గారు వెళ్ళి, ఆ ఒక్కటీ వదిలేసి మిగతాది నేర్పండి అన్నారు. ఆ ఒక్కటీ లేకపోతే మిగతాది లేదన్నారు మాస్టారు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ టీ తాగి విడిపోయారు. పిల్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

డిగ్రీ చదవమని విశాఖపట్నం పంపితే అక్కడ డాన్సు నేర్చుకుంది. అక్కడి నుంచి బెంగళూరు వెళ్ళి ఇంకో రకం డాన్సు నేర్చుకుంది. దాని పేరు కంటెంపరరీ. అంటే ఏమిటని ఒకసారి నేనూ, ఎదురింటి కాసులమ్మా అడిగాం.

"ఇప్పటి డాన్సు పిన్నీ. పాత ముద్రలూ అవీ కాకుండా, మన ఒంట్లో ఉన్నది మనం చెప్పుకోవడం," అంది.

"ఒంట్లో ఉన్నది సెప్పుకోడానికి డాకటేరు దగ్గరికెల్తారు గాని, స్టేజీ ఎక్కుతారేటే," అంది కాసులమ్మ.

కాసులమ్మ మా వీధి చివర ఇడ్లీ బండి నడుపుతుంది. ఫెబాకి "గెంతులమ్మ" అని పేరు పెట్టింది ఆవిడే.

బెంగళూరు బృందంతో ఫెబా జర్మనీ కూడా వెళ్ళింది. టీచరు గారు వీధిలో అందరికీ ఫోటో చూపించారు. స్టేజీ మీద పదిమంది ఎగురుతున్నారు, వెనకాల మూలన ఒకరు ముడుచుకుని కూర్చున్నారు. ఆ ముడుచుకున్నదే ఫెబా. అందులో ఆమెది రాయి పాత్ర. ఆట మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా రాయి.

"రాయి యేసానికి ఇమానం టిక్కెట్టిచ్చి తీసుకెల్లేరా? ఆలూర్లో రాళ్ళు లేవేటి?" అంది కాసులమ్మ.

టీచరు గారు ఆ రోజు కాసులమ్మ బండి దగ్గర ఇడ్లీ కొనలేదు.

కరోనా వచ్చి ఆ బృందం మూతపడింది. అప్పటికి ఫెబా మోకాళ్ళు కూడా సగం మూతపడ్డాయి. అనకాపల్లి వచ్చేసి, ఇంటి మేడ మీద రేకుల షెడ్డు వేయించి, డాన్సు నేర్పుతానని బోర్డు పెట్టింది. వచ్చినవాళ్ళంతా పెళ్ళివాళ్ళు. ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో కూడా ముందు రోజు సంగీత్ అని పెడుతున్నారు కదా, అందులో పెళ్ళికొడుకు చేత నాలుగు అడుగులు వేయించాలి. చీడికాడ నుంచి ఒక చెరకు రైతు కొడుకు వచ్చాడు. ముందు కళ్ళు మూసుకుని మీ ఊపిరి గమనించండి అంది ఫెబా. పెళ్ళికొడుకు గమనిస్తూ గమనిస్తూ నిద్రపోయాడు.

"పాట ఎప్పుడెడతారండీ?" అనడిగాడు వాళ్ళ మేనమామ.

"పాట ఆఖర్న వస్తుందండీ. ముందు ఒళ్ళు వినాలి," అంది ఫెబా.

"మావోడు సిన్నప్పట్నుంచీ ఎవుల మాటా ఇనడండీ," అన్నాడాయన.

నవ్వుకోవడానికి ఇలాంటివి చాలా ఉన్నాయి గానీ, ఆమెకి నిజంగా ఒక కోరిక ఉండేది. ఒక సాయంత్రం మేడ మీద వడియాలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పింది.

"ఇన్నేళ్ళూ వేరేవాళ్ళు కట్టిన డాన్సుల్లో చేశాను పిన్నీ. ఇప్పుడు నేనొకటి కట్టాను. మనూరివాళ్ళు ఒక్కసారి కూర్చుని చివరిదాకా చూడాలి. చూసి, బాగుందనో బాగులేదనో అనాలి. డాన్సు అనాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు."

ఆ కట్టిన దాని పేరు "ఉడుకు". చెరకు కొట్టడం, గానుగలో నలగడం, రసం పెనంలో ఉడకడం, చివరికి గట్టిపడి అచ్చులో బెల్లం కావడం. ఇవన్నీ ఒక మనిషి ఒంటితో చెయ్యాలి. పాట లేదు, మాట లేదు. దీనికోసం దేవరాపల్లి దగ్గర బెల్లం వండే చోటికి వెళ్ళి, పెనం పక్కన కూర్చుని, పొంగు ఎలా వస్తుందో రోజల్లా చూసింది. ఆ వండే ఆసామి ఈమె కల్తీ పట్టుకునే ఆఫీసరనుకుని తెల్లపొడి డబ్బాలన్నీ చెరకుపిప్పి కింద దాచేసి, వెళ్ళేటప్పుడు రెండు అచ్చులు చేతిలో పెట్టి దండం పెట్టాడట. ఆ బెల్లం మేమూ తిన్నాం, బాగానే ఉంది.

ఉడుకు చూపించడానికి చోటు దొరకలేదు. ఒక హాలువాళ్ళు పెళ్ళిళ్ళకి తప్ప ఇవ్వమన్నారు. ఒక కాలేజీవాళ్ళు దేశభక్తి గీతం ఉంటే ఆలోచిస్తామన్నారు. బెల్లంలో దేశభక్తి ఎక్కడ పెట్టాలో ఫెబాకి తోచలేదు. ఆ సమయంలో మా పేట మరిడమ్మ తల్లి సంబరం వచ్చింది. ఏటా స్టేజీ మీద రికార్డింగ్ డాన్సు పెడతారు. ఆ ఏడు పోలీసులు వద్దన్నారు. కమిటీ ప్రెసిడెంటు త్రినాధరావు మా ఇంటికి వచ్చాడు. ఆయన సిమెంటు వ్యాపారి, అంతకుముందు సంవత్సరం రికార్డింగ్ డాన్సుకి ముందు వరసలో కూర్చున్న మనిషి.

"పేమిలీలు సూసే డాన్సు కావాలమ్మా. మీరు జర్మనీ ఎల్లొచ్చేరంట కదా," అన్నాడు.

"మాది కొంచెం వేరుగా ఉంటుందండీ."

"బట్టలు నిండుగుంటాయా?"

"ఉంటాయండీ."

"అయితే మరేటి భయం," అన్నాడు త్రినాధరావు.

ఆనందకుమార్ గారు ఇంట్లో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అమ్మవారి సంబరంలో సంఘపెద్ద కూతురు ఆడడమా అని. అది గుడి కాదు, స్టేజీ నాన్నా, గుడికి రెండు వీధుల అవతల అని ఫెబా చెప్పింది. ఆయన రాలేదు. టీచరు గారు ముఖానికి కొంగు చుట్టుకుని, దగ్గు వచ్చినట్టు నటిస్తూ వచ్చారు.

ఫెబా చాలా పద్ధతిగా తయారైంది. బెల్లం రంగు కావాలని పసుపుపచ్చ చీర కోయించి కుట్టించుకుంది. పొంగు కనిపించాలని జుట్టు విరబోసుకుంది. టేపులో శబ్దం కంటే మనిషి వాయించేది మేలని పరదేశిని డప్పు కొట్టడానికి కుదుర్చుకుంది. పరదేశివాళ్ళు తాతల నాటి నుంచీ సంబరాల్లో డప్పు కొడతారు. తాళం లేకుండా కొట్టమని ఆమె అడిగితే వాడు నా దగ్గరికొచ్చి మొర పెట్టుకున్నాడు.

"తాళం లేకుండా ఎలగ కొడతానమ్మా, నానేటి కొత్తోణ్ణా?"

పొద్దు వాలే వేళకి స్టేజీ ముందు జనం నిండిపోయారు. శాలువాలు కప్పడం అయింది. "ఇప్పుడు జర్మనీ రిటర్న్ మిస్ ఫెబా గారు" అని మైకులో అన్నారు. ఈలలు వేశారు. ఫెబా వచ్చి స్టేజీ మధ్యలో వెల్లకిలా పడుకుంది. అది కొట్టి పడేసిన చెరకు. చాలాసేపు చెరకు కదల్లేదు.

"ఒంట్లో బాగోనట్టున్నాది, ఆటో పిలండర్రా," అన్నారెవరో వెనక నుంచి.

"దుప్పటి కప్పండి పాపం."

"అమ్మా, పాటేటైనా ఎట్టమంతారా?" అని త్రినాధరావు పక్క నుంచి మెల్లగా అడిగాడు.

ఫెబా వినిపించుకోలేదు. మెల్లగా మెలికలు తిరిగింది. అది గానుగ. జనంలో సగం మంది మిర్చిబజ్జీల వైపు తిరిగిపోయారు. మిగిలినవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడు ఉడకడం మొదలైంది. ముందు మడమలు వణికాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము, మెడ. కళ్ళు ఒకచోట నిలిచిపోయాయి. జుట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఒక పసుపు బట్టల ఆడమనిషి జుట్టు విరబోసుకుని ఊగుతోంది, ఎదురుగా పరదేశి డప్పు పట్టుకుని ఉన్నాడు. వాడి చేతులు ఎవరినీ అడగలేదు. అమ్మవారు వచ్చేటప్పుడు కొట్టే దెబ్బ కొట్టేశాయి. సెయ్యి దానంతటదే ఎల్లిపోనాదమ్మా అని వాడు తర్వాత ఎంత చెప్పినా ఏం లాభం.

ఆ దెబ్బ వినగానే బజ్జీల దగ్గరవాళ్ళు వెనక్కి తిరిగారు. ముందు వరసలో కాసులమ్మ లేచింది. ఆవిడ చేతిలో అమ్మవారి ఘటాల ఊరేగింపు కోసం తెచ్చిన పసుపు నీళ్ళ చెంబు, వేపమండలు సిద్ధంగా ఉన్నాయి. అంత లావు మనిషి స్టేజీ ఎలా ఎక్కిందో నేను చూడలేదు. ఎక్కి, చెంబెడు నీళ్ళు ఫెబా నెత్తిన పోసేసింది. నీళ్ళు ముక్కులోకి పోయి ఫెబా కెవ్వుమని అరిచింది. దాంతో ఇంకా సందేహంగా ఉన్నవాళ్ళకి కూడా సందేహం తీరిపోయింది.

"కిరస్తానం పిల్ల కదర్రా?" అన్నాడొకడు.

"అయితే ఏటి? అమ్మోరు నీ ఆధార్ కార్డు సూసి వత్తాదా?" అంది కాసులమ్మ వేపమండలు ఊపుతూ.

త్రినాధరావు చెప్పులు విప్పి, కర్పూరం పళ్ళెం ఒక చేత్తో, మైకు ఇంకో చేత్తో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మవారు వస్తే ఏం లోటు జరిగిందో అడగడం ఆనవాయితీ కదా.

"తల్లీ, ఏటి లోటు సేసేం? సెప్పు తల్లీ."

ఫెబా ముఖం తుడుచుకుంది. "ఇది డాన్సండీ," అంది. మైకులో పేటంతా వినిపించింది.

"డాన్సు లోటయిందంట," అని ఒకరు చెబితే, ఇంకొకరు వెనక్కి చెప్పారు. "నాను సెప్పలేదా, రికార్డింగు ఆపీసినప్పుడే అనుకున్నాను."

త్రినాధరావుకి చెమటలు పట్టాయి. "తప్పయిపోనాది తల్లీ. పోలీసోళ్ళు పర్మిసన్ ఇవ్వలేదు తల్లీ. నాను రెండు సార్లు టేసనుకెల్లేను," అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"నేను అమ్మవారిని కాదండీ. నేను ఫెబాని."

"అలిగింది," అంది కాసులమ్మ. "అలిగినప్పుడు ఇలగే అంతాది."

ఫెబా కోపంగా ఏదో అనబోయి ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు కింద నుంచి కనిపించింది. జనం వైపు చూసింది. పేట పేటంతా చేతులు జోడించి నిలబడి ఉంది. ఈల లేదు, గోల లేదు. ఏ స్టేజీ మీదా ఆమె ఎప్పుడూ చూడనంత జనం, ఆమె నోటి వంక చూస్తూ నిలబడ్డారు. ఆమె ఆ ముఖాలన్నీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత త్రినాధరావు చేతిలో మైకు లాక్కుంది.

"అందరూ కూర్చోండి. ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి. నేను మొదటి నుంచి మళ్ళీ చేస్తాను. అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. పరదేశీ, నువ్వు నేను చెప్పినట్టే కొట్టు."

మాయ చేసినట్టు కూర్చున్నారు. బజ్జీలవాడు పొయ్యి ఆర్పేశాడు. త్రినాధరావు తాను కూర్చోవచ్చో లేదో తెలియక కర్పూరం పళ్ళెంతో అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఫెబా మళ్ళీ చెరకై పడుకుంది. గానుగలో నలిగింది, ఉడికింది, గట్టిపడింది. అంతసేపూ డప్పు, ఆమె ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆట బాగుందో లేదో నేను చెప్పలేను. చుట్టూ అందరూ దండం పెడుతుంటే డాన్సు చూడడం కష్టం. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హారతి ఇచ్చారు.

ఇంటికి వస్తుంటే ఫెబా ముఖం వెలిగిపోతోంది. పసుపు నీళ్ళ వల్ల కాదు.

"చూశావా పిన్నీ. ఒక్కరు కూడా లేవలేదు."

"లేవొద్దన్నావు కదమ్మా," అన్నాను.

తెల్లారేసరికి మా గుమ్మం ముందు వరస కట్టారు. వరసని నడిపించేది కాసులమ్మ. ఇడ్లీ బండి కూడా అక్కడికే తెచ్చుకుంది. గెంతులమ్మ అన్న నోటితోనే "అమ్మ లేచింది, స్నానం సేత్తన్నాది, కాసేపాగండి" అంటోంది. ఒకరికి పోయిన గొలుసు కావాలి, ఒకరికి కొడుక్కి ఉద్యోగం కావాలి. ఫెబా ఓపిగ్గా ఒక్కొక్కరికీ తన డాన్సు అర్థం చెప్పింది.

"నా కోడలు నా మాట ఇంతాదా అమ్మా?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"నాకు తెలీదమ్మా. నిన్న మీరు చూసింది చెరకు రసం. రసం ఉడుకుతోంది, అదీ నేను చేసింది."

పెద్దావిడ తల ఊపి వెళ్ళి సాయంత్రానికి ఒక బిందెడు చెరకు రసం నైవేద్యం తెచ్చింది. ఆవిడని చూసి మర్నాడు అందరూ చెరకు రసమే తెచ్చారు. వారం రోజులు మా ఇంట్లో ఈగలతో వేగలేకపోయాం. "ఇక్కడ డాన్సు మాత్రమే నేర్పబడును" అని ఫెబా తలుపు మీద కాగితం అంటిస్తే, వచ్చినవాళ్ళు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు.

లోపల ఆనందకుమార్ గారి బాధ ఇంకో రకం. చర్చిలో అందరూ ఆయన్ని అడుగుతున్నారు. ఆదివారం ముందు రోజు కూతుర్ని కూర్చోబెట్టుకున్నారు. నేను పక్కన కూరగాయలు తరుగుతున్నాను.

"రేపు సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పమ్మా. దుష్టశక్తి ఆవరించింది, ప్రార్థనతో వదిలిపోయింది అని. ఒక్క ముక్క. అందరూ ఆమెన్ అంటారు, అయిపోతుంది."

"దుష్టశక్తి లేదు నాన్నా. డాన్సు చేశాను."

"అదెలా చెప్పుకోను? దుష్టశక్తి అంటే జాలి పడతారు. డాన్సంటే నవ్వుతారు."

"మీరు వచ్చి చూసుంటే తెలిసేది."

"నేనెందుకు వస్తానమ్మా," అన్నారాయన.

ఫెబా సాక్ష్యం చెప్పలేదు. ఆయనా బలవంత పెట్టలేదు. చర్చివాళ్ళే ఆమె పేరు చెప్పకుండా, తప్పిపోయిన ఒక గొర్రె కోసం అని ప్రార్థన చేసుకున్నారు. దేవదూత నుంచి రాయి, రాయి నుంచి అమ్మవారు, అమ్మవారి నుంచి గొర్రె. ఇన్ని పాత్రలు వేసింది గానీ, డాన్సరని ఒక్కరూ అనలేదు పాపం.

మరుసటి ఏడు సంబరానికి నెల ముందే త్రినాధరావు వచ్చాడు. ఈసారి చెప్పులు వీధిలోనే వదిలాడు. చంకలో ఫ్లెక్సీ నమూనా ఉంది. విప్పి చూపించాడు. ఫెబా ఫోటోకి కిరీటం, ముక్కుపుడక, వెనకాల సూర్యుడు. కింద పెద్ద అక్షరాలతో "శ్రీ మరిడమ్మ తల్లి పూనకం, సాయంత్రం ఆరు గంటలకు" అని ఉంది. తన ఫోటో కూడా ఉంది, దాదాపు అమ్మవారంత.

"పూనకానికి టైమేంటండీ?" అంది ఫెబా.

"జనం దూరం నుంచొత్తారమ్మా. రాజయ్యపేట నుంచి కూడా ఆటోలు కట్టించుకుని వత్తామన్నారు. ఆళ్ళు తిరిగెల్లాలి కదా."

"నేను కొత్తది కట్టాను. అది చేస్తాను. ఫ్లెక్సీలో నృత్యం, ఫెబా అని వెయ్యండి. కిరీటం తీసెయ్యండి."

"కొత్తదెందుకమ్మా? అమ్మోరు మారతారేటి? పోనేడు సేసిందే సెయ్యండి. నీళ్ళు కాసులమ్మే పోత్తాది, ఈసారి ముక్కులోకి ఎల్లకుండా సూత్తాను."

"నృత్యం అని వేస్తేనే వస్తాను."

"అలగ ఏత్తే ఎవుడు కూకుంటాడమ్మా? మీ మంచికే సెప్తన్నాను. అమ్మోరంటే ఊరంతా మీ ముందు కూకుంటాది. డాన్సంటే మీ ఇంట్లోవోళ్ళే కూకోరు."

ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకే ఫెబా కాదనలేదు. ఆలోచించి చెబుతానంది. ఆయన వెళ్ళాక నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏం చెయ్యమంటావు పిన్నీ? అంతమంది నా ముందు మళ్ళీ కూర్చుంటారు. ఏదైతేనేం, చూస్తారు కదా. లోపల నేను డాన్సే చేస్తున్నానని నాకు తెలుసు కదా."

"సూసేరా?" అన్నాను. "దండం పెట్టినోళ్ళలో సగం మంది కళ్ళు మూసుకునే ఉన్నారమ్మా. నాను సూసేను."

ఆమె ముఖం మాడిపోయింది. లేచి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకునేది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో అని టీచరు గారు కూడా అన్నారు. కానీ త్రినాధరావు మళ్ళీ వచ్చినప్పుడు, నేను గుమ్మంలో ఉండగానే, నేను రానండీ అని చెప్పేసింది.

త్రినాధరావు ఏమీ ఇబ్బంది పడలేదు. రికార్డింగ్ డాన్సులు లేక ఖాళీగా ఉన్న ఒక అమ్మాయిని తుని నుంచి తెచ్చారు. సరిగ్గా ఆరు గంటలకి ఆ అమ్మాయి మీదికి అమ్మవారు వచ్చారు. పరదేశి కూడా ఆ ఏడు సుఖపడ్డాడు, తాళం వేసి కొట్టమన్నారు. కాసులమ్మ పోసిన నీళ్ళు ముక్కులోకి వెళ్ళలేదట. ఫెబా కంటే ఈ పిల్లకే బాగా వచ్చారని పేటంతా అన్నారు.

అదే సాయంత్రం, అదే వేళకి, ఫెబా మూతపడ్డ బియ్యం మిల్లు ముందున్న సిమెంటు గచ్చు మీద తన కొత్త డాన్సు పెట్టింది. పట్టుమని పది మంది లేరు. టీచరు గారు ఈసారి కొంగు చుట్టుకోలేదు. దూరం నుంచి డప్పులు వినిపిస్తుంటే ఇద్దరు లేచి అటు వెళ్ళిపోయారు. తర్వాత ఇంకో ఇద్దరు. ఫెబా వాళ్ళు వెళ్ళడం చూసింది, ఆగలేదు. ఈసారి డాన్సు ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి లోపలికి పోవాలా, బయటికి పోవాలా అని తేల్చుకోలేకపోవడం గురించి అని నాకు అనిపించింది. కాకపోవచ్చు కూడా. ఆనందకుమార్ గారు మిల్లు గేటు బయట, రోడ్డు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డారు. లోపలికి రాలేదు. సైకిలు ఎక్కనూ లేదు.

అయిపోయాక ఫెబా మోకాళ్ళు పట్టుకుని, రొప్పుతూ మా దగ్గరికి వచ్చింది. నాతో మాటలు మానేసిన తర్వాత అదే మొదటి మాట.

"ఎలా ఉంది పిన్నీ?"

నాకు అబద్ధం ఆడాలనిపించింది, కానీ అంత కష్టపడిన మనిషితో ఆడలేకపోయాను.

"నడిమిన కాసేపు నాకేటీ అర్థం కాలేదమ్మా. ఆ గుండ్రంగా తిరిగింది బాగున్నాది. ఆకర్న సాగదీసేవు. డాన్సయితే డాన్సే."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చెమటే అనుకుంటాను.

"సాగిందా? ఎక్కడ?"

"చేతులు పైకెత్తిన దగ్గర నుంచి," అన్నారు ఆనందకుమార్ గారు గేటు అవతల నుంచి. "అక్కడ ఆపేసి ఉండాల్సింది."

"అక్కడ ఆపితే అర్థమే మారిపోతుంది నాన్నా," అంది ఫెబా గట్టిగా.

"అర్థం సంగతి నాకు తెలీదు. చూసేవాడికి విసుగొస్తుంది."

ఫెబాకి నిజంగానే కోపం వచ్చింది. మళ్ళీ గచ్చు మధ్యలోకి వెళ్ళి, చేతులు పైకెత్తి, ఇప్పుడు చూడండి అంది. ఆయన సైకిలుకి స్టాండు వేశారు.

ఇట్లు,
అప్పలకొండమ్మ,
వయసు అరవై ఎనిమిది. ప్రస్తుతం ఉండేది లూర్దు మేరీ టీచరు గారి ఇంటి వెనక వాటా, గవరపాలెం, అనకాపల్లి.